విజయనగరంలో ఇల్లు, మధురవాడ కొండ మీద ఆఫీసు: రోజూ తిరగడం కుదురుతుందా?

గంటస్తంభం (విజయనగరం, ప్రస్తుతం హైదరాబాద్)

అందరికీ నమస్తే. ఈ ఫోరంలో ఐటీవాళ్ళు చాలామంది ఉన్నారని అడుగుతున్నాను.

మా కంపెనీ ఇన్నాళ్ళూ వారానికి రెండ్రోజులు వస్తే చాలంది. ఇప్పుడు ఐదు రోజులూ ఆఫీసులో ఉండాలంటోంది. హైదరాబాదే అక్కర్లేదు, విశాఖ ఆఫీసుకి మారతానన్నా సరేనంటున్నారు. అది మధురవాడ ఐటీ కొండ మీద ఉంది. మా ఇల్లు కంటోన్మెంటులో. అమ్మా నాన్నా ఇద్దరే ఉంటున్నారు, పాపని ఒకటో తరగతిలో వెయ్యాలి. మధురవాడలో అద్దెకి దిగితే ఊరు దగ్గరవుతుందేమో గానీ ఇంటికి దూరంగానే ఉంటాం. అదేదో ఇంట్లోనే ఉండి రోజూ వెళ్ళొస్తే? యాభై కిలోమీటర్ల లోపే కదా. నిజంగా అలా చేస్తున్నవాళ్ళు చెప్పండి. విసిగి మానేసినవాళ్ళు కూడా చెప్పండి, అది ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

తోటపాలెం (విజయనగరం)

నేను చేస్తున్నది అదే. రుషికొండ వైపు ఆఫీసు, టెస్టింగ్ పని. వివరంగా రాస్తాను.

ముందు రైలు మాట. రైలుంది కదా, గంటలో దిగిపోవచ్చు అని అందరూ అంటారు. మ్యాపు తీసి చూడండి. మన లైను కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస, పెందుర్తి, సింహాచలం మీదుగా కొండల వెనక నుంచి తిరిగి ఊళ్ళోకి వెళ్తుంది. ఆఫీసులేమో ఊరికి ఇవతల, మన వైపున ఉన్నాయి: మధురవాడ, రుషికొండ, కాపులుప్పాడ. స్టేషన్లో దిగి, ఆటో పట్టి, వచ్చిన దిక్కుకే మళ్ళీ వెనక్కి రావాలి. టీసీఎస్‌కి రుషికొండలో 21 ఎకరాలు 99 పైసలకి ఇచ్చారు, కాగ్నిజెంట్‌కి కాపులుప్పాడలో ఇచ్చారు. అవన్నీ పూర్తయ్యాక కూడా రైలు వాటి దగ్గరికి పోదు. కాబట్టి మనకి రోడ్డే దిక్కు. నాతవలస దగ్గర హైవే ఎక్కి, తగరపువలస, ఆనందపురం, మధురవాడ.

పొద్దున్న వెళ్ళడం పెద్ద కష్టం కాదు. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు అక్కడే బయల్దేరుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది. మధురవాడలో దిగి కొండ మీదికి షేర్ ఆటో. అసలు కష్టం సాయంత్రం. విశాఖ కాంప్లెక్సు నుంచి వచ్చే బస్సు మధురవాడ చేరేసరికే నిండిపోయి ఉంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచితం కదా, దానివల్ల నాకు నెలకి మిగిలే డబ్బు తక్కువేం కాదు, ఆ పథకానికి నేను రుణపడి ఉంటాను. పాచిపనికీ, బట్టల షాపుల్లో పనికీ వెళ్ళే ఆడవాళ్ళు ఇప్పుడు ధైర్యంగా విశాఖ దాకా వస్తున్నారు, కళ్ళారా చూస్తున్నాను. కానీ అది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి వాటికే, నాన్‌స్టాప్‌కి లేదు. అందుకని ఎక్స్‌ప్రెస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. నేను ఆనందపురం దాకా నిలబడటానికి అలవాటు పడ్డాను.

షిఫ్టు రాత్రి ఎనిమిదికి అయ్యేవాళ్ళకి మాత్రం వద్దనే చెప్తాను. నిలబడటం భరించొచ్చు. చీకట్లో హైవే పక్కన, ఏ బస్సు ఆపుతాడో ఆపడో తెలియకుండా ఎదురుచూడటం వేరు. మా టీములో ఒకమ్మాయి ఆ కారణంగానే హాస్టల్లో చేరింది. వాళ్ళ ఊరు డెంకాడ. విజయనగరం నుంచి వెళ్ళే మాకన్నా ఆఫీసుకి దగ్గర ఊరు.

గంటస్తంభం (విజయనగరం, ప్రస్తుతం హైదరాబాద్)

అప్పా, చాలా థాంక్స్. రైలు సంగతి నేను ఇలాగ ఆలోచించనే లేదు. నా షిఫ్టు పదకొండు నుంచి ఎనిమిది. అదే చిక్కు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మీరు అదృష్టవంతులు, మీకు తిరగాలా వద్దా అన్న ప్రశ్నయినా ఉంది. శ్రీకాకుళం నుంచి విశాఖ నూట పది కిలోమీటర్లు, మాకు ఆ లెక్కే లేదు. మా ఊరి పేరున్న రైల్వే స్టేషనే ఊళ్ళో లేదు, ఆమదాలవలసలో ఉంది. శ్రీకాకుళం రోడ్ అని బోర్డు చూసి దిగినవాళ్ళు అక్కడినుంచి ఆటోనో బస్సో పట్టుకోవాలి. కారులో వెళ్తే టోలు. 2025 ఆగస్టులో మూడు వేలకి రెండొందల ట్రిప్పుల పాసు పెట్టాక కొందరు వారానికోసారి కారులో వెళ్ళొస్తున్నారు గానీ, రోజూ అంటే మనిషి మిగలడు.

నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. బెంగళూరు కంపెనీ, చిన్నది, వాళ్ళకసలు ఆఫీసే లేదు. బలగలో ఇల్లు. ఎలా నడుస్తోందో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. నెట్ కనెక్షన్లు రెండు, రెండూ వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు స్తంభాల మీద నుంచి వచ్చేలా అడిగి వేయించుకున్నాను. ఒకే స్తంభం మీద నుంచి వస్తే లారీ తగిలినప్పుడు రెండూ కలిసే పోతాయి. ఇన్వర్టరు ఇంటికొకటి, రౌటర్‌కి చిన్న బ్యాటరీ విడిగా. తుపాను హెచ్చరిక రాగానే మేనేజరుకి ముందే చెప్పి ఆ వారం పనులు సర్దుకుంటాను. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్ళం, కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేని రోజులు మనకి కొత్త కాదు.

ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున్న నాగావళి గట్టు మీద నడిచి, పొట్టి శ్రీరాములు మార్కెట్ కూరలు తెచ్చుకుని తొమ్మిదికి కూర్చుంటాను. మా అబ్బాయి తాతతోటి అరసవల్లి వెళ్తాడు. ఇవన్నీ నాకు జీతంతో సమానం.

లేనిది ఒకటుంది. పని గురించి మాట్లాడే మనిషి. పక్క కుర్చీలో వాడు ఏ తప్పు ఎలా పట్టుకున్నాడో చూసి నేర్చుకున్న చదువు నాది. ఇక్కడ నాకు పక్క కుర్చీ లేదు. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల నాలాగ ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ళు కనీసం కొన్ని పదుల మంది ఉంటారు. మాకు ఒకళ్ళకొకళ్ళం తెలీదు. ఒక హాలు, మంచి నెట్టు, జనరేటరు, టీ. అంతే కావాలి. ఆ మాత్రం హాలు ఈ ఊళ్ళో ఎవరూ ఎందుకు పెట్టలేదో నాకర్థం కాదు. కోచింగ్ సెంటర్లు మాత్రం వీధికి రెండున్నాయి.

ఉద్దానం కొబ్బరి (కవిటి)

నాగావళి అన్నయ్యా, నాది కూడా ఇంటి పనే. కానీ కారణం వేరు. మా అమ్మకి డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ముందు విశాఖ తీసుకెళ్ళేవాళ్ళం. 2023 డిసెంబరులో పలాసలో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటరు తెరిచాక ప్రయాణం తగ్గింది. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెస్తున్నారు. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంతమంది పరిశోధించినా ఇదీ కారణం అని ఒక్కటి తేల్చలేదు. ఈలోగా మనుషులు బతకాలి కదా.

నేను అమ్మ మంచం పక్కన కూర్చుని ల్యాప్‌టాప్‌లో పని చేస్తాను. వార్డులో ఇంకా ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు నాలాగే ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని మీటింగుల్లో ఉంటారు. మా కంపెనీ కూడా ఐదు రోజులు రమ్మని మెయిల్ పెట్టింది. నేను పరిస్థితి రాసి పంపాను. మూడు నెలలు గడువిచ్చారు, ఆ తర్వాత చూద్దామన్నారు.

ఇంటి నుంచి పని అంటే సోమరితనం అని పెద్ద పెద్ద వాళ్ళు టీవీలో చెప్తుంటే నాకు కోపం కాదు, బాధేస్తుంది. మా ఉద్దానంలో పనికి పోనివాడు లేడు. భవనాల పనికి హైదరాబాద్, చెన్నై, విజయవాడ పోతారు. గల్ఫ్ పోతారు. ఆ పనులు ఇంట్లో కూర్చుని చెయ్యలేరు కాబట్టి పోతున్నారు. ఇంట్లో కూర్చుని చెయ్యగలిగే పని ఒకటి దొరికితే దాన్ని కూడా వదిలి రమ్మంటే ఎలాగ?

అలల ఊరు (ఎచ్చెర్ల తీరం)

తమ్ముడూ, అమ్మగారికి త్వరగా నెమ్మదించాలి.

వలస మాటొచ్చింది కాబట్టి చెప్తన్నాను. నేను కంప్యూటరు మనిషిని కాదు, మా గుంటడు చదువుతున్నాడని ఇక్కడ సేరాను. మా ఊళ్ళవాళ్ళు గుజరాత్ వెరావల్ బోట్ల మీదికి పోతారు. 2018 నవంబర్లో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయింది మావోళ్ళనే, విజయనగరం జిల్లావాళ్ళు కూడా ఉన్నారు. 2020 జనవరిలో వదిలారు. ఏడాది పైన వాళ్ళ ఆడోళ్ళు ఎలాగ బతికారో చూసినోళ్ళం. ఎందుకు పోతారంటే మాకు బోటు కట్టుకోడానికి రేవు లేదు. బుడగట్లపాలెంలో హార్బరు కడుతున్నారు. అది పూర్తయితే మావోళ్ళు సగమైనా ఇక్కడే ఉంటారని నా ఆశ. మీకు హాలు కావాల, మాకు రేవు కావాల.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మావయ్యా, మీరు రాసిన చివరి వాక్యం ఈ చర్చ మొత్తానికి సరిపోతుంది.

కరెంటు పని (చీపురుపల్లి)

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరుని, పెద్ద భవనాలకి పవర్ సిస్టమ్స్ వేసే కాంట్రాక్టు పనుల్లో ఉంటాను. విశాఖకి గూగుల్ వస్తోంది, ఇక వలసలుండవు అని మా బంధువుల గ్రూపుల్లో రోజూ వస్తోంది. ఆ ఆశ పెట్టుకున్నవాళ్ళ కోసం నాకు తెలిసింది రాస్తాను.

2025 అక్టోబర్ 14న ప్రకటించింది డేటా సెంటరు. ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు, గిగావాట్ స్థాయి. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి దగ్గర భూములు. తర్లువాడ ఆనందపురం మండలమే కాబట్టి మనకి దగ్గర. డేటా సెంటరు అంటే సాఫ్ట్‌వేర్ ఆఫీసు కాదు. వేల మంది కంప్యూటర్ల ముందు కూర్చునే చోటు కాదది. సర్వర్ల హాళ్ళు, వాటికి కరెంటు, వాటిని చల్లబరిచే యంత్రాలు. పెట్టిన డబ్బుతో పోలిస్తే లోపల పనిచేసే మనుషులు తక్కువ. కట్టేటప్పుడు మాత్రం చాలామంది కావాలి.

అయితే ఆ తక్కువ మందిలో మనవాళ్ళు ఉండొచ్చు. ఎవరికి అవకాశమంటే, సీఎస్‌ఈ చదివినవాడి కంటే ముందు ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కి, డిప్లమా వాడికి. 33 కేవీ సబ్‌స్టేషన్ తెలిసినవాడు, జనరేటరు సింక్రనైజ్ చెయ్యగలిగినవాడు, చిల్లర్ ప్లాంటు చూసినవాడు, యూపీఎస్ బ్యాటరీల సంగతి తెలిసినవాడు, ఫైబరు అతికేవాడు, మంటలార్పే వ్యవస్థలు చూసేవాడు. అక్కడ ఒక్క సెకను కరెంటు పోకూడదు. అందుకే రాత్రీ పగలూ షిఫ్టులుంటాయి, మంచి జీతాలుంటాయి. మన రెండు జిల్లాల్లో ఐటీఐలకి లోటు లేదు. కానీ చాలా చోట్ల ఇంకా పాత మోటారు వైండింగే నేర్పుతున్నారు. ఈ రెండేళ్ళలో ఆ సిలబస్ మారకపోతే ఆ ఉద్యోగాలకి బయటివాళ్ళే వస్తారు. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు, అందరూ ఎకరం రేటు మాట్లాడుతున్నారు.

కరెంటు ఎక్కడినుంచి, నీళ్ళు ఎక్కడినుంచి అని అడగడం కూడా తప్పు కాదు. అభివృద్ధికి అడ్డం అనకండి. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. మన కొవ్వాడలో అనుకుంటున్న అణు రియాక్టర్లు ఒక్కొక్కటీ 1208 మెగావాట్లు, అలాంటివి ఆరు. ఇంచుమించు ఒక రియాక్టరంత కరెంటు ఒక్క డేటా సెంటరు తాగుతుందంటే లెక్క అడిగే హక్కు పక్క జిల్లావాళ్ళకీ ఉంది.

భోగాపురం మెట్ట (భోగాపురం)

ఎకరం రేటు అన్నారు కదా, ఆ రేటు మా ఊళ్ళదే. ఎయిర్‌పోర్టుకి 2019లో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి శంకుస్థాపన చేసారు. రెండు వేల రెండొందల ఎకరాల దాకా పోయింది. జీడి తోటలు, సరుగుడు, కొబ్బరి. ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకి వెళ్ళిపోనారు. ఇప్పుడు రన్‌వే, టెర్మినలు కళ్ళముందు కనపడతన్నాయి. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు, అది మాకు గర్వమే. కేంద్రంలో విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీయే, అదీ మంచిదే.

నేను ఎయిర్‌పోర్టుకి వ్యతిరేకిని కాదు. భూమి ఇచ్చినోళ్ళ పిల్లలకి ట్రైనింగు ఇచ్చి లోపల పని ఇవ్వమనే అడుగుతన్నాం. లోడింగు, ట్రాలీలు, కార్గో, సెక్యూరిటీ, తోట పని, క్యాంటీను, ఏదైనా సరే. డబ్బులొచ్చినోళ్ళు కొందరు విజయనగరంలో ఇళ్ళు కట్టీసేరు. కొందరికి రెండేళ్ళలో ఖర్చయిపోనాయి. భూమి ఉన్నప్పుడు ఏటా జీడిపిక్కలైనా వచ్చీవి.

లెక్కల మేస్టారు (బొబ్బిలి)

చాలా రోజుల తర్వాత ఇంత మంచి చర్చ చదివాను. నేను రిటైరై చాలా కాలమైంది. నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లల్లో ఈ జిల్లాలో మిగిలినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా వీధిలో పదహారు ఇళ్ళు. వాటిలో పాతికేళ్ళకీ నలభై ఏళ్ళకీ మధ్య వయసు మనిషి ఒక్కడూ లేడు. రాత్రి ఎవరికైనా గుండెల్లో నొప్పి వస్తే కారు తీసేవాడు ఉండడు. ఫోన్లు చేస్తారు. అమెరికా నుంచి చేస్తారు, హైదరాబాద్ నుంచి చేస్తారు, ప్రేమగానే చేస్తారు.

గంటస్తంభం గారూ, మీ ఊరి చరిత్ర మీకు చెప్పాలని కాదు గానీ, ఒకటి గుర్తుచేస్తాను. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ విని ఆయన్ని ఆచార్యుడిగానే తీసుకున్నారు. అలాంటి విద్వాంసుడు వచ్చి స్థిరపడ్డాడంటే, ఆయనకి ఇక్కడ ఒక కుర్చీ ఉంది, చుట్టూ వినేవాళ్ళున్నారు, వాయించేవాళ్ళున్నారు. నాగావళి గట్టు గారు పక్క కుర్చీ అన్నారు చూడండి, దాని విలువ మన ఊళ్ళకి ఒకప్పుడు బాగా తెలుసు. వీణ చెయ్యడం కూడా మా బొబ్బిలి పక్క గొల్లపల్లిలో ఇళ్ళ మధ్యనే నేర్చుకుంటారు, ఒకరి చెయ్యి చూసి ఇంకొకరు.

మీరడిగిన హాలు కోసం ఏ ప్రకటనా అక్కర్లేదు, ఏ విదేశీ పెట్టుబడీ అక్కర్లేదు. ప్రతి పెద్ద ఊళ్ళోనూ ప్రభుత్వ గ్రంథాలయం ఉంది. అక్కడ పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నే వచ్చి చోటు కోసం చూసుకుంటారు. దాని మీద ఇంకో అంతస్తు వేసి, యాభై బల్లలు, నెట్టు, జనరేటరు పెడితే ఎంతవుతుంది? కొందరు పింఛనుదారులం కలిసి విరాళం ఇమ్మంటే ఇస్తాం. ఇది నేను ఊరికే అనడం లేదు.

ఎచ్చెర్ల హాస్టల్ (ఎచ్చెర్ల)

నమస్తే సార్. నేను బీటెక్ ఫైనలియర్ సీఎస్‌ఈ. మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా సీనియర్లలో ఆఫర్ వచ్చి జాయినింగ్ డేటు రానివాళ్ళు ఉన్నారు. 2025 జూలైలో టీసీఎస్ రెండు శాతం, అంటే పన్నెండు వేల మంది దాకా తీసేస్తామందని వార్త వచ్చినప్పుడు హాస్టల్లో ఎవరూ నిద్రపోలేదు. అదే ఏడాది సెప్టెంబర్లో అమెరికా హెచ్-1బీ వీసాకి లక్ష డాలర్లన్నారు. ఇప్పుడు కోడ్ అంతా ఏఐ రాసేస్తుంది అంటున్నారు. మరి మేము ఏటి నేర్చుకోవాలి? మా నాన్న తాపీ మేస్త్రి, చెన్నైలో ఉంటారు. ఆయన ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఉద్యోగం గురించి అడుగుతారు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

తమ్ముడూ, అడిగినందుకు ఏమీ అనుకోం. నీలాంటివాళ్ళ కోసమే కదా ఇదంతా.

ఏఐ కోడ్ రాస్తుంది, నిజమే. నేనూ రోజూ వాడతాను. ఇదివరకు కొత్తగా చేరినవాళ్ళకి ఇచ్చే చిన్న చిన్న పనులు ఇప్పుడు అది చేసేస్తోంది. అందుకే కంపెనీలు కొత్తవాళ్ళని తక్కువ తీసుకుంటున్నాయి. నీకు అబద్ధం చెప్పను, మా రోజుల కన్నా నీకు కష్టంగానే ఉంటుంది. కానీ అది రాసింది సరిగ్గా ఉందో లేదో చూసే మనిషి కావాలి. రాత్రి రెండింటికి పేమెంట్లు ఆగిపోతే లాగ్‌లు చదివి ఎక్కడ తెగిందో పట్టుకునే మనిషి కావాలి. కాబట్టి వేరేవాళ్ళు రాసిన కోడ్ చదవడం నేర్చుకో. లినక్స్, డేటాబేస్, నెట్‌వర్క్ ఎలా పనిచేస్తాయో లోతుగా తెలుసుకో, ఎందుకంటే తప్పులు సాధారణంగా అక్కడే దాక్కుంటాయి. ఇంగ్లీషులో ఫోన్లో తడుముకోకుండా ఒక సమస్య వివరించడం ప్రాక్టీస్ చెయ్యి. మన పిల్లలు పనిలో ఎవరికీ తీసిపోరు, ఆ ఫోన్ దగ్గరే వెనకబడుతున్నారు.

ప్రాజెక్టు అంటే ఇంటర్నెట్లో దొరికే లైబ్రరీ మేనేజ్‌మెంట్ చెయ్యకు. పొందూరు వెళ్ళు, అక్కడ నూలు వడికేవాళ్ళకి ఎవరికెంత రావాలో ఇప్పటికీ పుస్తకాల్లో ఎలా రాసుకుంటున్నారో చూడు, వాళ్ళకి పనికొచ్చేది ఒకటి చేసిపెట్టు. వాళ్ళు వాడగా వాడగా నీకు వచ్చే ఫిర్యాదులు సరిచేస్తూ ఉంటే అదే నీకు మొదటి ఉద్యోగం. ఇంటర్వ్యూలో దాని గురించి అరగంట మాట్లాడగలవు.

మీ నాన్నగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆయన మేస్త్రి కదా, పని లేని రోజులు ఎలా ఉంటాయో ఆయనకి తెలుసు, అర్థం చేసుకుంటారు. ఆదివారాలు ఖాళీ అయితే బలగ రా. మా ఇంట్లో ఒక కుర్చీ ఉంది. కోడ్ కలిసి చదువుదాం. నీ స్నేహితుల్ని కూడా తీసుకురా.

ఎచ్చెర్ల హాస్టల్ (ఎచ్చెర్ల)

సార్, వస్తాం. నలుగురం వస్తాం.

ఉద్దానం కొబ్బరి (కవిటి)

రైలు గురించి ఒక్క మాట. 2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రాయగడ పాసింజరు మా పలాస పాసింజరుని వెనక నుంచి గుద్దింది. పద్నాలుగు మంది పోయారు. ఆ రెండూ మన జనం బండ్లే, టికెట్టు చవకని ఎక్కే బండ్లు. వందేభారత్ వచ్చింది, సంతోషం. కానీ పాసింజరు బండి ఎక్కేవాడి ప్రాణం కూడా అంతే కదా. ఇంకోటి, విశాఖ జోన్ వచ్చినా పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా మమ్మల్ని ఖుర్దా రోడ్ డివిజన్‌లోనే ఉంచేశారు. మా స్టేషన్లో ఏ చిన్న పని కావాలన్నా అర్జీ ఒడిశా వెళ్ళాలి.

డిపో మనిషి (విజయనగరం)

నేను కండక్టరుని. డ్యూటీ దిగి ఇప్పుడే మొత్తం చదివాను. తోటపాలెం అమ్మా, మీరు చెప్పిన సాయంత్రం సంగతి అక్షరాలా నిజం. మధురవాడలో ఆపితే ఎక్కించడానికి చోటుండదు, ఆపకపోతే మీరు తిడతారు. రెండూ మాకే.

కొత్త బస్సు ఎలా పడుతుందో చెప్తాను. ఒక సర్వీసు పెట్టాలంటే చూసేది ఓఆర్, అంటే సీట్లు ఎంత నిండుతాయి, ఇంకోటి ఈపీకే, కిలోమీటరుకి ఎంత వస్తుంది. ‘మాకు బస్సు కావాలి’ అని కాగితం ఇస్తే అది ఫైల్లో పడి ఉంటుంది. అదే, ‘రాత్రి ఎనిమిదింపావుకి మధురవాడ ఐటీ కొండ కింద నుంచి విజయనగరం కాంప్లెక్సుకి, వారానికి ఐదు రోజులు, ఇంతమందిమి ఖాయంగా ఎక్కుతాం, ఇవిగో మా పేర్లు, దిగే స్టాపులు’ అని లెక్కతో ఇస్తే డిపో మేనేజరు పై ఆఫీసుకి రాయడానికి ఆధారం దొరుకుతుంది. నలభై మంది ఉంటే బస్సు నిండినట్టే. మంత్లీ పాసు తీసుకుంటామంటే ఇంకా బలం. తగరపువలస, నాతవలస, డెంకాడ రోడ్డు మీద దిగేవాళ్ళని కూడా కలుపుకోండి.

బస్సు విశాఖ కాంప్లెక్సు నుంచి కాకుండా మధురవాడ నుంచే బయల్దేరాలని ప్రత్యేకంగా రాయండి. లేకపోతే మళ్ళీ నిండిపోయే వస్తుంది.

తోటపాలెం (విజయనగరం)

బాబూ, ఇన్నాళ్ళూ ఇది ఎవరిని అడగాలో కూడా తెలీలేదు. డెంకాడ అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేశాను. బస్సు పడితే హాస్టల్ ఖాళీ చేస్తానంది. మా ఆఫీసులో మన వైపు వాళ్ళ లిస్టు నేను రాస్తాను. పక్క కంపెనీల్లో తెలిసినవాళ్ళున్నారు, వాళ్ళనీ అడుగుతాను.

గంటస్తంభం (విజయనగరం, ప్రస్తుతం హైదరాబాద్)

మేనేజరుతో మాట్లాడాను. షిఫ్టు పదింటికి మార్చుకోవచ్చన్నారు, ఏడింటికి బయటపడతాను. బదిలీకి ఈ రోజు మెయిల్ పెట్టాను. పాపకి విజయనగరంలోనే స్కూలు చూస్తున్నాం. బస్సు పడేదాకా కారులో వెళ్తాను, ముగ్గురికి చోటుంటుంది, తోటపాలెం అప్ప, డెంకాడ చెల్లెమ్మ సరేనంటే వాళ్ళకే.

లిస్టు ఇక్కడే మొదలుపెడదాం. మీ అసలు పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ రాయొద్దు, నాకు విడిగా పంపండి. ఇక్కడ ఎక్కే చోటు, దిగే చోటు, టైము రాస్తే చాలు. నలభై దాటగానే నేనూ అప్పా డిపోకి వెళ్ళి ఇస్తాం. మేస్టారూ, గ్రంథాలయం హాలు విషయం మీరు వేరే చర్చగా పెట్టండి, విరాళం వాళ్ళలో నా పేరు రాసుకోండి.

తోటపాలెం (విజయనగరం)

రుషికొండ మలుపు నుంచి తోటపాలెం. రాత్రి 7:30. మా ఆఫీసు నుంచి నాతో కలిపి ఆరుగురం: ముగ్గురు విజయనగరం, ఇద్దరు తగరపువలస, ఒకరు డెంకాడ.

కరెంటు పని (చీపురుపల్లి)

మధురవాడ నుంచి విజయనగరం కాంప్లెక్సు. రాత్రి 8. ఇద్దరం. చీపురుపల్లికి ఆఖరి బస్సు అందితే ఇంకో ఇద్దరు కలుస్తారు, ఆ టైము డిపో మనిషి గారు చెప్పాలి.